తెల్లావు మూడుసార్లు వచ్చింది

ఆవుల్ని లోపల ఎప్పుడు కట్టెయ్యాలి?

దిస్కిత్‌కి వచ్చిపడ్డ చిక్కు ఇదే. ఇదీ ఒక చిక్కేనా అని మనకి అనిపిస్తుంది. మన దగ్గర చలికాలమంటే దుప్పటి ఒకటి ఎక్కువ కప్పుకోవడం, గొడ్ల పాకకి నాలుగు తాటాకులు అడ్డం కట్టడం. దిస్కిత్ ఉండే చోటు అలాంటిది కాదు. అది హిమాలయాల వెనకాల, చెట్టన్నదే అరుదైన ఒక లోయ. అక్కడ మంచు పడిందంటే తలుపులు సగం దాకా పూడుకుపోతాయి. పశువుల్ని కొట్టంలోకి తోలి, తలుపు సందులకి పేడమట్టి మెత్తారంటే, అవి మళ్ళీ ఎండ మొహం చూసేది మంచు కరిగాకే. అన్నాళ్ళూ వాటికి తిండి ఇంటి కప్పు మీద ఎండబెట్టి దాచిన గడ్డి మాత్రమే.

తొందరపడి లోపల కట్టేస్తే ఆ గడ్డి ముందే అయిపోతుంది, వసంతం రాకముందే ఆవు ఆకలితో చస్తుంది. ఆలస్యం చేస్తే మంచుగాలికి బయటే చస్తుంది. మధ్యలో ఎక్కడో ఉంటుంది సరైన రోజు. అది ఏ రోజో ఎవరి మొహానా రాసి ఉండదు.

ఆ రోజుని తేల్చే పని ఊళ్ళో ఏ ఇంటిదీ కాదు. ఊరికి ఎగువన కొండవాలులో బౌద్ధ సన్యాసినుల ఆశ్రమం ఒకటుంది. కోతలయ్యాక పొలాలన్నీ అందరివీ. ఎవరి ఆవైనా ఎవరి పొలంలోనైనా మోళ్ళు మేయొచ్చు, గట్ల మీద గడ్డి కొరకొచ్చు. ఆశ్రమం కప్పు మీద శంఖం మోగిన రోజుతో అది సరి. ఆ సాయంత్రానికి ప్రతి ఇల్లూ పశువుల్ని లోపలికి తోలుకోవాల్సిందే. శంఖం మోగకముందు మాత్రం ఎవరూ తలుపేసుకోకూడదు. ఒకరు వేసుకుంటే పక్కవాళ్ళకి గుబులు పుట్టి, గడ్డి చాలకపోయినా వాళ్ళూ వేసుకుంటారని పెద్దలు పెట్టిన కట్టుబాటు అది.

ఏళ్ళ తరబడి ఆ శంఖం ఊదింది ఆశ్రమం పెద్ద పాల్మో అవ్వ. ఆ ఏడు ఆవిడకి ముందుపళ్ళు ఊడిపోయాయి. శంఖం నోట పెట్టుకుంటే గాలంతా పక్కలనుంచి పోయి, కుంపటి ఊదినట్టు చప్పుడొచ్చింది గాని నాదం రాలేదు. అందరికంటే ముందు అవ్వే నవ్వింది. తర్వాత శంఖాన్ని పైవస్త్రంతో తుడిచి, ఆశ్రమంలోనే సన్యాసినిగా ఉన్న దిస్కిత్ ఒళ్ళో పెట్టింది.

"ఇక నువ్వు ఊదు."

దిస్కిత్ శంఖాన్ని రెండు చేతులా పట్టుకుంది. "ఎప్పుడు ఊదాలో నాకెలా తెలుస్తుందవ్వా? మీరేం చూసి ఊదేవారు?"

"ఆవుల్ని చూడు."

"అంతేనా?"

"అంతే."

ఆ జవాబు దిస్కిత్‌కి చాలలేదు. అవ్వ అసలు గుట్టేదో దాస్తోందనుకుంది. ఊళ్ళో ముసలివాళ్ళందరినీ అడిగి గుర్తులు పోగుచేసుకుంది. కాకులు కొండల మీంచి లోయలోకి దిగితే మంచు దగ్గరపడ్డట్టని ఒకరన్నారు. కుండలో నీళ్ళు తెల్లారేసరికి అంగుళం మందాన గడ్డకడితే ఇక ఆగకూడదని ఇంకొకరన్నారు. తనకైతే మోకాళ్ళు చెప్తాయన్నాడు ఒక తాత. ఆ మోకాళ్ళు ఏడాది పొడుగునా చెప్తూనే ఉంటాయంది ఆయన భార్య. దిస్కిత్ అన్నీ విని అన్నీ గుర్తుపెట్టుకుంది. ఆవుల్ని చూడ్డానికి మాత్రం ఏముంది? మేస్తాయి, నెమరేస్తాయి.

ఇక్కడ దిస్కిత్ సంగతి కాస్త చెప్పాలి. ఆమెది ఆ ఊరే. పొలం లేని ఇల్లు. తండ్రి లేడు. తల్లి, ఒక ఆవు, తను. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక ఏడు శంఖం తొందరగా మోగింది. అప్పటికింకా పాల్మో అవ్వ పెద్ద కాలేదు. అప్పటి పెద్దావిడ ఊరిపెద్ద మాట కాదనలేక ఊదిందని అందరికీ తెలుసు. ఊరిపెద్దకి పొలాలెక్కువ. తడినేలని పశువులు తొక్కితే గిట్టల గుంతలు పడి, అలాగే గడ్డకట్టి, వసంతంలో నాగలికి లొంగదు. అందుకని పశువులు ఎంత తొందరగా లోపలికి పోతే ఆయనకి అంత మేలు. ఆయన కప్పు మీద గడ్డి ఇంకో అంతస్తు కట్టినట్టుంటుంది గనక ఆయన గొడ్లకి లోటు లేదు.

లోటు వచ్చింది దిస్కిత్ వాళ్ళకే. గడ్డి అయిపోయింది. పరుపు విప్పి అందులో గడ్డి పెట్టారు. చీపురు విప్పి పెట్టారు. చూరునుంచి మంచు కరిగి బొట్లు రాలుతున్న రోజుల్లో, ఇంకాస్త ఓపిక పట్టగలిగితే పచ్చిక కనపడేదే, ఆవు కూలబడింది. మళ్ళీ లేవలేదు. తల్లి దాని కొమ్ము పట్టుకుని కూర్చుంది తప్ప ఏడవలేదు. ఏడ్చింది దిస్కిత్. ఏడ్చి ఏడ్చి, ఏడుపు అయిపోయాక కోపం మిగిలింది. ఆ కోపంతోనే పెరిగింది, ఆ కోపంతోనే ఆశ్రమంలో చేరి గుండు చేయించుకుంది. జుట్టు పోయింది గాని కోపం పోలేదు.

ఇప్పుడు శంఖం ఆమె చేతిలో ఉంది. తల్లి ఇంట్లో మళ్ళీ ఒక ఎర్రావు ఉంది. కప్పు మీద మాత్రం ఎప్పటిలాగే చారెడు గడ్డి. ఊరిపెద్ద స్థానంలో ఆ పాతాయన కొడుకు గ్యాల్సన్ ఉన్నాడు. తండ్రి పొలాలతోపాటు తండ్రి అలవాట్లు కూడా ఆయనకి వచ్చాయి.

గ్యాల్సన్ రానే వచ్చాడు, చేతిలో ఇంత వెన్నముద్దతో. పాల్మో అవ్వ ముంగిట్లో ఎండలో కూర్చుని ముల్లంగి తరిగి ఎండబెడుతోంది. ఆయన ఆవిడకి దణ్ణం పెట్టి, వెన్నముద్ద దిస్కిత్ ముందు పెట్టాడు.

"పున్నమికల్లా శంఖం ఊదెయ్ అమ్మాయ్. కాలవ పొంగి నా పొలాలింకా ఆరలేదు. గొడ్లు తొక్కి నాశనం చేస్తున్నాయి."

"పున్నమికి చలి ముదరదు పెద్దయ్యా. కాకులింకా దిగలేదు."

"కాకులు దిగేదాకా నా పొలం ఆగాలా?"

"మీ పొలం ఆగగలదు. మా అమ్మ కప్పు మీది గడ్డి ఆగలేదు."

గ్యాల్సన్ నవ్వాడు. "ఈ ఆశ్రమంలో దీపాలకి నెయ్యి మా తాతలనాటి నుంచి మా ఇంటి నుంచే వస్తోంది. అది కాస్త గుర్తుంచుకుని మాట్లాడు."

దిస్కిత్ వెన్నముద్ద తీసి మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టింది. "అయితే ఈ ఏడు చీకట్లోనే కూర్చుంటాం. మీరు తాడు లాగినప్పుడల్లా మోగడానికి ఇది మీ గుమ్మానికి కట్టిన గంట కాదు."

గ్యాల్సన్ అవ్వ వైపు చూశాడు, ఆవిడైనా మందలిస్తుందని. అవ్వ తలెత్తలేదు. ముల్లంగి ముక్క ఒకటి నోట్లో వేసుకుని, పళ్ళు లేవన్న సంగతి గుర్తొచ్చి బయటికి తీసింది.

ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకింది. పొలాలు లేని ఇళ్ళలో ఆ పూట పండగే. దిస్కిత్ తల్లి ఆయాసపడుతూ కొండెక్కి వచ్చి, కూతురి రెండు చేతులూ పట్టుకుని వెళ్ళిపోయింది.

పున్నమి వచ్చింది, పోయింది. ఎండ కాస్తూనే ఉంది. ఆవులు మేస్తూనే ఉన్నాయి. గడిచిన ప్రతి పూటా పేదల కప్పుల మీది గడ్డికి ఒక పూట ఆయుష్షు పోసింది. నిజం చెప్పొద్దూ, దిస్కిత్ పట్టిన పట్టు మంచి పట్టే. కాకపోతే శంఖం ఊదకపోవడంలో కూడా ఒక మోత ఉంటుంది. ఆ మోత ఆమె చెవికి ఇంపుగా ఉంది. రోజూ పొద్దున్నే శంఖం చంకలో పెట్టుకుని కప్పెక్కి ఊరి వైపు చూసేది. ఊరి వైపంటే, ముఖ్యంగా ఒక కప్పు వైపు.

గ్యాల్సన్ మాత్రం ఊరుకున్నాడా? నలుగురూ కూర్చున్న చోట అన్నాడు: "రోషం ఎన్నాళ్ళుంటుంది? అమావాస్య లోపల తనే ఊదుతుంది, రాసిపెట్టుకోండి. ఊదిన రోజున ఆశ్రమం మెట్ల కింద నిలబడి, నా మాట విన్నందుకు సంతోషం తల్లీ, అని దణ్ణం పెట్టి వస్తాను."

ఈ కబురు కొండెక్కి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. అమావాస్య దాటేదాకా శంఖం నోటికి తగలనివ్వనని దిస్కిత్ మనసులోనే ఒట్టు పెట్టుకుంది. కాకులు దిగాయి. కాకులదేముంది, తిండి దొరికిన చోటికి వస్తాయి అనుకుంది. కుండలో నీళ్ళు గడ్డకట్టాయి. అంగుళం ఉండదులే అనుకుంది. తాత మోకాళ్ళ సంగతి అడగడమే మానేసింది.

అమావాస్య ఇంకా రాలేదు. ఒక పొద్దున గాలి పూర్తిగా ఆగిపోయింది. ఆకాశం కడిగినట్టుంది. ఆ రోజుల్లో ఉండాల్సిన దానికంటే వెచ్చగా ఉంది. దిస్కిత్ కొట్టం ముందు ఊడుస్తుంటే, ఆశ్రమం వాళ్ళ తెల్లావు పొలాల్లోంచి ఒక్కతే నడిచొచ్చి తలుపు ముందు నిలబడింది. వయసైన ఆవు. మందకి ముందు నడిచేది అదే. నుదురు తలుపుకి ఆనించి కదలకుండా నిలబడింది.

"ఏమే, నీకు అప్పుడే తొందరా?" అని దిస్కిత్ దాని వీపు తట్టి వెనక్కి తోలింది.

కాసేపటికి అది మళ్ళీ వచ్చింది. ఈసారి వెనకాల ఇంకో రెండున్నాయి. దిస్కిత్ చీపురు ఆపి దూరంగా ఉన్న కప్పు వైపు చూసింది. గ్యాల్సన్ గడ్డిమోపుల మధ్య చేతులు కట్టుకుని నిలబడి ఇటే చూస్తున్నాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. కర్ర తీసుకుని ఆవుల్ని పొలం దాకా తోలి వచ్చింది.

మూడోసారి మందంతా వచ్చింది. ఆశ్రమానివే కాదు, ఊరి ఆవులు కూడా. వాటిలో తల్లి ఎర్రావు ఉంది. అరవలేదు, కుమ్ముకోలేదు. తలుపు వైపు మొహాలు పెట్టి నిలబడ్డాయి. దిస్కిత్ అన్నిటినీ తిరగ్గొట్టి, మళ్ళీ రాకుండా దారికి అడ్డంగా ముళ్ళకంప లాగి పడేసింది. చేతులు చీరుకుపోయాయి.

"ఇక ఎలా వస్తారో రండి, చూస్తాను" అంది, ఆవులతోనో ఇంకెవరితోనో.

పాల్మో అవ్వ ఇదంతా అరుగు మీంచి చూసింది. చేతికర్ర తీసుకుని మెల్లగా మెట్లు దిగింది. ముళ్ళకంప దగ్గర ఆగి, పక్కనున్న రాతిగోడ పట్టుకుని జాగ్రత్తగా దాటింది. పొలం మధ్యకి, ఆవుల మధ్యకి నడిచి వెళ్ళి, తెల్లావు పక్కన నేల మీద కూర్చుంది.

ధ్యానానికి కాబోలు అనుకుంది దిస్కిత్. మధ్యాహ్నం భోజనానికి గంట కొట్టారు. అవ్వ రాలేదు. పొద్దు వాలేవేళకి ఉత్తరం కొండ నెత్తిన తెల్లటి పొగలాంటిది లేచింది. అది పొగ కాదు, కొండ మీది మంచుని గాలి లేపుతోంది. చూస్తుండగానే ఆ గాలి లోయలోకి దిగింది. దిస్కిత్ కాళ్ళు వాటంతటవే పరుగందుకున్నాయి. ముళ్ళకంప దాటుతుంటే వస్త్రం పట్టుకుని చిరిగింది.

ఆవులన్నీ గాలికి వీపులు తిప్పి, ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డాయి. మధ్యలో అవ్వ అలాగే కూర్చుని ఉంది. పెదాలు నల్లబడ్డాయి.

"అవ్వా, లేవండి, లోపలికి వెళ్దాం."

"శంఖం ఊదావా?"

"లేదు."

"మరెలా వస్తాను?"

"మీరు ఆవు కాదు కదవ్వా."

"ఏమో తల్లీ. తలుపు దగ్గర నిలబడితే కర్ర పట్టుకుని తోలేవాళ్ళున్నారు. ఈ వయసులో దెబ్బలెందుకని ఇక్కడే కూర్చున్నాను."

దిస్కిత్‌కి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "గాలి వస్తుందని మీకు పొద్దున్నే తెలుసు. ఒక్క మాట చెప్పొచ్చు కదా?"

అవ్వ తెల్లావు మెడ కింద చెయ్యి పెట్టి నిమిరింది. "చెప్పింది కదా. మూడుసార్లు."

గాలి ఇంకాస్త పెరిగింది. దిస్కిత్ ఆవుల వైపు చూసింది, దూరంగా ఆ కప్పు వైపు చూసింది.

"ఇప్పుడు ఊదితే గ్యాల్సన్ గెలిచినట్టవుతుందవ్వా. మెట్ల కింద నిలబడి నవ్వుతాడు."

అవ్వ తల తిప్పి మందనంతా ఒకసారి నిదానంగా చూసింది, నిజంగానే వెతుకుతున్నట్టు.

"ఇందులో గ్యాల్సన్ ఎక్కడున్నాడు? నాకు కనపడ్డంలేదు. చూపించు."

దిస్కిత్ చూసింది. తెల్లావు కంటి చుట్టూ మంచుపొడి అంటుకుని ఉంది. పక్కన ఎర్రావు వణుకుతోంది. దాని డొక్కల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. పొద్దుటినుంచీ ఆ ఆవు తన తల్లిదని తెలుసు. వణుకుతోందని ఇప్పుడే చూసింది.

ఆమె వెనక్కి పరుగెత్తింది. ముళ్ళకంపని ఒట్టి చేతుల్తో లాగి పారేసింది. కప్పెక్కి శంఖం నోట పెట్టుకుంది. పెదాలు ఒకచోట నిలవలేదు. మొదటిసారి కుంపటి ఊదిన చప్పుడే వచ్చింది, అచ్చం పాల్మో అవ్వకి వచ్చినట్టు. రెండోసారీ అంతే. కళ్ళు మూసుకుని, కడుపులోంచి గాలి తీసి మళ్ళీ ఊదింది. ఈసారి శంఖం మోగింది. లోయ ఆ కొన నుంచి ఈ కొన దాకా మోగింది.

తెల్లావు ముందు కదిలింది. ఊళ్ళో తలుపులు తెరుచుకున్నాయి, జనం పరుగులు పెట్టారు. చిట్టచివరి ఆవు కొట్టంలోకి వచ్చాక, దాని వెనకే కర్ర పొడుచుకుంటూ అవ్వ వచ్చింది. ఆవిడ గడప దాటేసరికి మంచు మొదలైంది.

గ్యాల్సన్ అన్న మాట తప్పే మనిషి కాదు. ఆ మంచులోనే వచ్చాడు. తలుపు సందులకి పేడమట్టి మెత్తుతున్న దిస్కిత్‌ని చూసి, మెట్ల కింద నిలబడి, రెండు చేతులూ జోడించాడు.

"నా మాట విన్నందుకు సంతోషం తల్లీ."

దిస్కిత్ మట్టి చేతులతోనే ఇటు తిరిగింది. పొద్దున అయితే ఆ మట్టి ఆయన మొహాన కొట్టేదే.

"మీ మాట నాకు వినపడలేదు పెద్దయ్యా. మా తెల్లావు మాట విన్నాను. అది ఇంకో మాట కూడా చెప్పింది, మీకు చెప్పమని."

"ఏమిటో అది?"

"వసంతం వచ్చేలోపు ఎవరి కప్పు ముందు ఖాళీ అయితే, వాళ్ళ ఆవు మీ తలుపు దగ్గరికి వస్తుంది. దాన్ని తోలుకొచ్చేది నేను. మీరు వెనక్కి తోలొచ్చు. మళ్ళీ వస్తుంది. ముళ్ళకంప వెయ్యొచ్చు. అయినా వస్తుంది."

"ఎన్నిసార్లు?"

"మీరు తలుపు తీసేదాకా."

ఆమె గొంతు పెంచలేదు. గ్యాల్సన్ మంచు మీసాల మీద పడుతుంటే తుడుచుకుని వెళ్ళిపోయాడు. దిస్కిత్ మిగిలిన సందు మెత్తడం పూర్తిచేసింది.

ఆ తర్వాత శంఖాన్ని తీసుకెళ్ళి అవ్వ గదిలో గూట్లో పెట్టింది. "ఇది నా చేతిలో ఉండకూడదవ్వా" అంది. అవ్వ తీసుకోలేదు, వద్దనలేదు. శంఖం గూట్లోనే ఉండిపోయింది.

ఆ చలికాలం ఆశ్రమానికి నెయ్యి రాలేదు. చీకట్లోనే కూర్చున్నారు. ఆ చీకట్లో అవ్వ దగ్గుతూనే ఉంది. అలాంటి దగ్గు ఆవిడకి అంతకుముందు లేదు. అది వినపడినప్పుడల్లా దిస్కిత్ లేచి వేడినీళ్ళు కాచి ఇచ్చేది. ఆ ముళ్ళకంపని తన చేతుల్తో తనే వేసిందన్నది ఒక్కపూట కూడా మర్చిపోలేదు. అవ్వ మాత్రం దాని ఊసెత్తలేదు.

మంచు కరగడం మొదలైంది గాని పచ్చిక ఇంకా కనపడలేదు. మొదట ఖాళీ అయిన కప్పు దిస్కిత్ తల్లిదే. పున్నమి దాటాక కూడా పొలాల్లో దొరికిన ఆ మేత లేకపోతే, ఇంకా ముందే అయిపోయేది. దిస్కిత్ కొండ దిగి, ఎర్రావు మెడకి తాడేసి, కరిగీ కరగని మంచులో ఊరి మధ్యనుంచి నడిపించుకుపోయింది. కట్టుబాటు తప్పుతున్నావని ఎవరో అరుగు మీంచి అన్నారు. మేపడానికి కాదులే అంది.

గ్యాల్సన్ తలుపు తీసి చూసి, వేసేసుకున్నాడు. రెండోనాడు పాలేరుని పంపి తోలించేశాడు. మూడోనాడు తలుపు తీసేసరికి ఎర్రావు నుదురు ఆ తలుపుకే ఆనించి ఉంది. పక్కన దిస్కిత్, వెనకాల ఊరు సగం. ఆయన వాళ్ళందరి వైపూ చూశాడు. తర్వాత ఏదో గొణుక్కుంటూ కప్పెక్కాడు. ఒక మోపు కింద పడింది. ఇంకొకటి పడింది.

సాయంత్రం దిస్కిత్ ఆశ్రమానికి తిరిగొచ్చేసరికి పాల్మో అవ్వ గదిలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"తీశాడా?"

"తీశాడవ్వా. పచ్చిక వచ్చేదాకా సరిపోతుంది."

"అప్పుడు మొహం ఎలా పెట్టాడు?"

దిస్కిత్ గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నించింది. ఎంత ప్రయత్నించినా ఏమీ గుర్తురాలేదు.

"చూళ్ళేదవ్వా. ఆవు తింటుంటే దాన్నే చూస్తూ ఉండిపోయాను."

పాల్మో అవ్వ గోడ పట్టుకుని లేచింది. గూట్లోంచి శంఖాన్ని తీసి, చలికాలమంతా పట్టిన దుమ్ముని పైవస్త్రంతో తుడిచి, దిస్కిత్ ఒళ్ళో పెట్టింది.

"పళ్ళు జాగ్రత్తగా చూసుకో" అంది.